నాలుగోసారి ట్రింకోమలీ

ట్రింకోమలీ రేవుకి ఆరున్నరకి చేరతామని రాత్రి భోజనాల దగ్గర మైకులో చెప్పారు గానీ, కొండలు అంతకంటే ముందే కనిపిస్తాయని కోటేశ్వరికి తెలుసు. ఐదుంపావుకల్లా ఓడ పై అంతస్తుకి వచ్చి నిలబడింది. ఇది నాలుగోసారి. ఈతతొట్టి మీద వల కప్పి ఉంది, కుర్చీలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి తాడుతో కట్టేశారు, బూడిదరంగు చొక్కా మనిషి ఒకడు చెక్కనేల తుడుస్తూ తుడుస్తూ ఆమె కాళ్ళ దాకా వచ్చి, గుడ్ మార్నింగ్ మేడమ్ అని, ఆమెని అక్కడే ఉండనిచ్చి చుట్టూ తుడుచుకుని వెళ్ళిపోయాడు. కమ్మీ పట్టుకుంటే చేతికి ఉప్పుజిగురు. సముద్రం ఇంకా నల్లగానే ఉంది. దుక్కి దున్నిన మర్నాడు, తెల్లారకముందు గట్టు మీద నిలబడి చూస్తే రేగడి ఎలా ఉంటుందో అలా సాళ్ళు సాళ్ళుగా ఉంది, కాకపోతే ఈ సాళ్ళు కదులుతున్నాయి. మొదటిసారి నుంచీ ఆమెకి అర్థం కానిది అదే. పొలంలో సాలు పడిన చోటే పడి ఉంటుంది, వానొచ్చి కరిగించేదాకా. ఇక్కడ ఎవరు దున్నుతున్నారో గానీ దున్నింది దున్నినట్టే చెరిగిపోతోంది, మళ్ళీ దున్నుతున్నారు, ఆమె పుట్టకముందు నుంచీ, ఆమె తాత పుట్టకముందు నుంచీ, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమెకి ఏదో అవుతుంది. భయం లాంటిదే, కానీ భయమైతే ఇంటికి పోవాలనిపించాలి కదా, ఇది ఇంకా ముందుకి వంగి చూడాలనిపించేది.

మళ్ళీ అక్కడికేనా అని అడగనివాళ్ళు లేరు. మిరపకోతకి వచ్చే ఆడవాళ్ళు అడిగారు, కాశీ చూడలా, రామేశ్వరం చూడలా, సముద్రం అవతల ఆ మూడు రేవులకే పోతావేంటి కోటేశ్వరమ్మా, అక్కడేమన్నా బంగారం పాతిపెట్టొచ్చావా అని. అద్దంకిలో పురుగుమందుల కొట్టు నడిపే ఆమె భర్త నాగేంద్రబాబు, పోతే పోయావు గానీ ఈసారి సింగపూరన్నా పోరాదా, చూసిందే చూస్తే ఏమొస్తుంది, అన్నాడు. చెన్నైలో ఓడ ఎక్కేటప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల కూడా పేరు కొట్టి చూసి, వెల్‌కమ్ బ్యాక్ అని నవ్వి, మీకు హంబన్‌టోట అంత నచ్చిందా మేడమ్ అంది. హంబన్‌టోట ఎవరికి నచ్చుతుంది, ఆ మూడు రేవుల్లో మొదటిది, అంతా కొత్త సిమెంటు, వేడిగాలి, మనుషులు లేని పెద్ద రోడ్లు. ఆమె ఒక్కొక్కళ్ళకి ఒక్కో జవాబు చెప్పింది. గాలి బాగుంటుందని ఒకళ్ళకి, గుడి ఉందని ఒకళ్ళకి, వంట చెయ్యక్కర్లేదని ఇంకొకళ్ళకి. నాగేంద్రబాబుకి మాత్రం, చూసిందే చూస్తానంటున్నారు, మరి మీరు ఏటేటా అదే కొట్టు తలుపు తియ్యటంలా, నేను ఏటేటా అదే నాలుగెకరాల్లో మిరప వెయ్యటంలా, అంది. అదీ అసలు జవాబు కాదు. అసలు జవాబు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ గంటలో అది ఎటో ఒకవైపు తేలిపోతుంది, అందుకే నిద్రపట్టక, తోడొచ్చిన సుబ్బరావమ్మ వదినని లేపకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోంచి బయటపడింది.

తూర్పు వెనకపక్కన ఉంది. ఓడ పడమటికి తిరిగి పోతోంది, అంటే వెలుగు వీపు మీద పడుతుంది, ఎదురుగా వచ్చే నేల మీద పడుతుంది. ఇంకా పడలేదు. మొదటిసారి ఇదంతా తెలియదు. మొదటిసారి పురుగుమందుల కంపెనీ వాళ్ళు డీలర్లని భార్యలతో సహా తీసుకొచ్చారు, జూన్ నెల, నారుమళ్ళు ఇంకా పొయ్యలేదు, చేలో పనేమీ లేదు, సరే అని బయల్దేరింది. చెన్నై దాటిన రెండు గంటలకి నాగేంద్రబాబు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండిపోయాడు, నిమ్మకాయ వాసన చూడటం, వాంతి చేసుకోవటం, ఈ కంపెనీ వాళ్ళని తిట్టటం. ఆమె ఒక్కతే పైకి వచ్చింది. నేల లేదు. ఎటు చూసినా లేదు. విశాలం అంటే తనకి తెలుసనుకునేది కోటేశ్వరి. పత్తి పగిలిన కార్తీకంలో మిద్దె ఎక్కి చూస్తే అద్దంకి రోడ్డు దాకా తెల్లగా, ఒక చెట్టు అడ్డం లేకుండా, ఎండాకాలం అదే నేల మీద ఎండమావి నీళ్ళలా ఆడుతూ. కానీ ఆ విశాలంలో ఎక్కడో ఒకచోట ఒక మనిషి వంగి పనిచేస్తూ ఉంటాడు, ఒక ట్రాక్టరు, కనీసం ఒక కాకి. ఇక్కడ ఏమీ లేకుండా ఇంత ఉంది. ఎవరి కోసం ఇంత. నోరు తెరుచుకుని ఎంతసేపు నిలబడిందో తెలియదు, పెదాలు ఉప్పగా అయిపోయాయి. నాలుగో రోజు తెల్లారి ట్రింకోమలీ వచ్చింది. ఎదురుగా అడ్డంగా నేల, నేల మీద చిన్న చిన్న పచ్చటి కొండలు, ఓడ నేరుగా పోయి వాటిని కొట్టేస్తుందేమో అనుకుంటుండగా కొండలు మెల్లగా రెండుగా విడిపోయాయి. అటొకటి ఇటొకటి. మధ్యలో నీళ్ళ దారి. ఆ దారిలోంచి ఇంత పెద్ద ఓడ లోపలికి పోతే, లోపల మళ్ళీ సముద్రం ఉంది, చుట్టూ కొండలే కాపలా ఉన్న సముద్రం, అల లేదు, చప్పుడు లేదు, బిందెలో నీళ్ళలా నిలబడి ఉంది. ఆమె రెండు కొండల్నీ ఒక్క చూపులో చూసింది. తల తిప్పకుండా, రెప్ప కొట్టకుండా, ఇటుదీ అటుదీ మధ్య నీళ్ళూ అన్నీ ఒకేసారి కళ్ళల్లో పట్టాయి. ఆ సంగతి అప్పుడు గుర్తు పెట్టుకోవాలని కూడా తెలియదు. కళ్ళున్నవాళ్ళు చూస్తారు, అందులో ఏముంది.

ఊరికి పోయాక నారుమళ్ళ దగ్గర ఆడవాళ్ళకి చెప్పబోయింది. చెప్పటం మొదలుపెట్టాకే తెలిసింది, సగం గుర్తు లేదని. గుడి ఉన్న కొండ ఏ పక్కన ఉంది, కుడిపక్కనా ఎడంపక్కనా? కుడిపక్కనే అని ఆమె, ఎడంపక్కన అని నాగేంద్రబాబు. వాంతులు చేసుకుంటూ పడుకున్నవాళ్ళకేం తెలుసు అని ఆమె, కిటికీలోంచి చూశాను అని ఆయన. ఆ గదికి కిటికీయే లేదు. కొట్లో సున్నపు గోడ మీద పెన్సిలుతో రేవు బొమ్మ గియ్యటంతో మొదలై రాత్రి అన్నాల దాకా నడిచింది ఆ గొడవ, ఏడాది పొడుగునా ఏ మాట వచ్చినా చివరికి అక్కడికే వచ్చేది. చివరికి, చూసొస్తే పోలా, అంది కోటేశ్వరి. నవ్వుతూనే అంది. కానీ అంత కోరిక తనలో ఉందని అప్పటిదాకా తనకే తెలియదు. నాగేంద్రబాబు ఓడ పేరెత్తితేనే కడుపులో తిప్పుతోందన్నాడు. అక్కని తోడు పంపిస్తానన్నాడు. ఆ అక్కే సుబ్బరావమ్మ. చీమకుర్తిలో క్వారీ పనివాళ్ళకి ఇరవైరెండేళ్ళు మెస్సు నడిపిన మనిషి, రాళ్ళ లారీల మోతలో వినపడాలని గొంతు పెంచి పెంచి, ఇప్పుడు చెవిలో రహస్యం చెప్పినా పక్కింటికి వినపడుతుంది. ఓడలో మొదటి పూటే ఆమె వంటవాళ్ళ దగ్గరికి పోయి సాంబారులో చింతపండు చాలలేదని చెప్పి వచ్చింది. వాళ్ళు ఏ భాషలో విన్నారో గానీ మర్నాడు సాంబారు పుల్లగా ఉంది.

రెండోసారి, ఇదే చోట, ఈ తెల్ల స్తంభం పక్కన, పొద్దు ఇలాగే ఇంకా రాకముందు. ముందు కుడిపక్క కొండ వచ్చింది, దాని మీద గుడి, చెప్పానా, కుడిపక్కనే, నేను చెప్పానా, అని కోటేశ్వరి సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. తమ్ముడికి ఫోన్ చేద్దామా అని ఆమె, సిగ్నల్ లేదు అని ఈమె. ఆ సంబరంలోనే చూసింది. ఎడంపక్క కొండ లేదు. ఉండాల్సిన చోట మసగ్గా, మబ్బులా, అసలు మబ్బు కూడా కాదు, చూపు అక్కడిదాకా పోయి ఆగిపోయినట్టు. మంచు పట్టిందనుకుంది. తల తిప్పింది, కొండ ఉంది. పచ్చగా, తేటగా, చెట్లు లెక్కపెట్టేంత దగ్గరగా ఉంది. తల మళ్ళీ నిటారుగా పెట్టింది, కొండ పోయింది. తిప్పింది, వచ్చింది. ఏంటే అలా తల ఊపుతావు అని సుబ్బరావమ్మ అడిగితే మెడ పట్టేసిందంది. ఆ రోజు గుళ్ళో ఏం మొక్కుకుందో గుర్తు లేదు. తను పుట్టింది కోటప్పకొండ తిరనాళ్ళ రోజున, కోటయ్యస్వామి పేరే పెట్టారు. ఇక్కడి స్వామి కోణేశ్వరుడు. అక్కడ కోటయ్య, ఇక్కడ కోణయ్య అని నవ్వుకుంటూ మెట్లెక్కాలని ఏడాదంతా అనుకుంది. మెట్లు ఎక్కటం ఎక్కింది.

గుంటూరులో కంటి డాక్టరమ్మ తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించింది. ఎదురుగా చుక్కని చూస్తూ ఉండు, పక్కల్లో దీపం మెరిస్తే మీట నొక్కు, అంది. మధ్యలో మెరిసినవన్నీ నొక్కింది. తర్వాత చాలాసేపు ఏమీ మెరవలేదు, దీపం చెడిపోయిందా అమ్మా అని అడిగింది. డాక్టరమ్మ కాగితం మీద ఎడంకన్నుకి అంచు నుంచి లోపలికి పాకిన నలుపు, కుడికన్నుకి అంచున సన్నటి నలుపు చూపించింది. నీటికాసులు, అంది. నొప్పి ఉండదు, తెలియదు, పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి, జీవితాంతం చుక్కలు వేసుకోవాలి. చాలామంది ఎదురుగా ఉన్న మనిషి కనపడనప్పుడు వస్తారు నా దగ్గరికి, నువ్వెలా పట్టుకున్నావమ్మా ఇంత ముందు? ఓడలోంచి, అంది కోటేశ్వరి. డాక్టరమ్మకి అర్థం కాలేదు, ఆమె వివరించలేదు. బస్సులో ఇంటికి వస్తూ కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ అనుకుంది, ఈ బయల్లో అయితే ఎప్పటికీ తెలిసేది కాదు. ఇక్కడ ఎడంపక్క ఉన్నదీ కుడిపక్క ఉన్నదీ ఒకటే, నేల. అంచులు ఎంత తరిగినా నేలకి కొదవ లేదు. వేరే రేవుకి పోయి ఉన్నా తెలిసేది కాదు, అక్కడ ఏం ఉండాలో తెలిస్తే కదా ఏం లేదో తెలిసేది. చూసిందే మళ్ళీ చూడబట్టి తెలిసింది. భర్త మీద పంతం పట్టి, గుడి ఏ పక్కనుందో తేల్చుకోబోయి. ఒక కొండ వచ్చి, ఇదిగో నేనిక్కడ ఉన్నాను, నీకే కనపడటం లేదు, అని చెప్పినట్టు. అప్పటినుంచి ఆ కొండంటే ఆమెకి గుళ్ళో స్వామి కంటే ఎక్కువ గౌరవం. ఇంట్లో మాత్రం, కంట్లో ప్రెషరంట, చుక్కలిచ్చారు, అని అంతే చెప్పింది. నాగేంద్రబాబు వేళకి వేసుకో అన్నాడు.

మూడోసారి భయపడుతూ వచ్చింది. తల నిటారుగా పెట్టి, తర్వాత ఎడమకి కొంచెం తిప్పి, ఎంత తిప్పితే కొండ వస్తుందో కమ్మీ మీద వేళ్ళతో కొలుచుకుంది. రెండోసారి ఎంతో అంతే. చుక్కలు పనిచేస్తున్నాయి. ఆ సంతోషంలో ఆ ఏడు అన్నీ బాగున్నాయి. రేవు బయట ఆటో నడిపే రసూల్, రెండోసారి గుడికి తీసుకుపోయినవాడు, దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. గుడి దారిలో ఉన్న కోట లోపలికి తీసుకుపోయి, రోడ్డుకి అడ్డంగా పడుకున్న జింకల్ని లేపకుండా చుట్టూ తిప్పి పోనిచ్చాడు. మళ్ళీ వచ్చావా అమ్మా, చూసిందే కదా, అని తమిళంలో అడిగాడు. అంతమాత్రం ఆమెకి అర్థమవుతుంది. నువ్వు రోజూ చూడటంలా, అంది తెలుగులో. అతను, చూస్తాను, రోజూ చూస్తాను, ఒక్కరోజు కూడా ఒకలా ఉండదు, అన్నాడు. మర్నాడు కంకేశన్‌తురైలో, మూడో రేవులో, దిగితే ఎర్రటి నేల, తాటిచెట్లు, పొగాకు, ఇంతలో ఒక మిరపచేను. బస్సు ఆపించి దిగిపోయింది కోటేశ్వరి. మోకాలెత్తు మొక్కలు, పొట్టి కాయ. ఆకు తిప్పి చూసింది, వెనక తెల్లదోమ ఉందా అని. ఉంది. చేను గలామె పరిగెత్తుకుని వచ్చింది, ఎవరే నా చేలో అన్నట్టు. కోటేశ్వరి ఆకు తిప్పి దోమని చూపించి, రెండు చేతులూ తిప్పింది, ఏం చేస్తాం అన్నట్టు. ఆమె కూడా అలాగే తిప్పింది. ఇద్దరూ నవ్వారు. సముద్రం అటు ఒక ఆడది, ఇటు ఒక ఆడది, ఒకే దోమతో తంటాలు. ఇంత నీళ్ళు దాటి ఆ దోమ ఎలా వచ్చిందో, మనకంటే ముందే.

చీకటి పలచబడింది. ఎదురుగా అడ్డగీత లాంటిది తేలింది, నేల. కోటేశ్వరి కమ్మీ వదిలి, చీర కొంగు నడుముకి దోపి, మళ్ళీ పట్టుకుంది. ఏప్రిల్‌లో జరిగింది గుర్తొచ్చింది. కల్లంలో కాయలు ఎండుతున్నాయి. పరిచిన ఎరుపు అంచున నిలబడి తాలుకాయలు ఏరుతోంది. తెల్లబడిన కాయని నూరు కాయల్లో ఉన్నా పట్టుకుంటుంది కోటేశ్వరి కన్ను, ఊళ్ళో ఆ పేరుంది ఆమెకి, ఇప్పటికీ ఎదురుగా ఉన్న తాలు ఒక్కటి తప్పించుకోదు. ఎండ, ఘాటు, ఎవరో దగ్గుతున్నారు, పాట పెట్టారు ఫోన్‌లో. అమ్మా అని అరుపు, భుజం పట్టి ఎవరో లాగారు, కాయల మీద పడింది. ట్రాక్టరు ట్రక్కు వెనక్కి వస్తూ తను నిలబడిన చోటు మీదుగా పోయింది. ఎడమవైపు నుంచి. అంత పెద్ద ట్రక్కు, నీలం రంగుది. ఆమె చూపులో అది లేనే లేదు. లాగిన అంకమ్మరావు, పదేళ్ళుగా చేలో పనిచేస్తున్న మనిషి, రొప్పుతూ ఆమె ముఖంలోకి చూశాడు. ఏమ్మా, చూడలా? పాట వింటున్నారా, అన్నాడు. ఆ, పాటే, అంది. ఎవరికీ చెప్పబాకయ్యా, ఆయన కంగారుపడతారు. అతను సరేనన్నట్టు తలూపాడు. ఒళ్ళంతా మిరపకారం మంట, ఆ రాత్రి స్నానం చేస్తూ ఏడిచింది, మంటకే అనుకోవచ్చు. చెబితే నాగేంద్రబాబు ఒకటే అంటాడు, కోపంతో కాదు, ప్రేమగానే అంటాడు, ఇంక చాలు, చేను కౌలుకిచ్చేద్దాం, నువ్వు ఇంట్లో కూర్చో. ఇంట్లో కూర్చుని దేన్ని చూడాలి? నారు పోసిన నాటి నుంచి ఆఖరి కోత దాకా తొమ్మిది నెలలు ఆ నాలుగెకరాలు ఒక్కరోజు ఒకలా ఉండవు. అప్పుడే తనకి తను ఒక మాట ఇచ్చుకుంది. జూన్‌లో రేవు దగ్గర చూస్తాను. పోయినేడు ఎంత ఉందో అంతే ఉంటే నోరు మూసుకుని మిరప వేస్తాను. తరిగితే ఇంటికి పోయి అన్నీ చెప్పి, చేను వదిలేస్తాను.

పొద్దు పొడిచింది. చూడలేదు, వీపుకి తగిలింది. ఎదురుగా నల్లటి గీత ముందు ఊదారంగైంది, ఊదారంగులోంచి పచ్చ ఊరింది, కొండల తలలు పండిన కాయ రంగుకి తిరిగాయి, కిందంతా ఇంకా నిద్రలోనే ఉంది. సముద్రం మీద ఓడ నీడ పొడుగ్గా ముందుకి పడి, తమకంటే ముందు అదే రేవులోకి పోతోంది. ఎన్నిసార్లు చూసినా కొండలు విడిపోయే ఆ క్షణానికి ఊపిరి ఆగుతుంది, ఎవరో లోపల ఉండి రమ్మని తలుపు తీసినట్టు. విడిపోతున్నాయి. కుడిపక్క కొండ, గుడి గోపురం మీద వెలుగు చుక్కంత. కోటేశ్వరి తల నిటారుగా పెట్టింది. ఎడంపక్క లేదు. సరే, అది తెలిసిందే. మెల్లగా తిప్పటం మొదలుపెట్టింది, కమ్మీ మీద బొటనవేలూ చూపుడువేలూ చాపి. పోయినేటి చోటికి వచ్చింది. లేదు. ఇంకో వేలు. లేదు. ఇంకొకటి. అప్పుడొచ్చింది, అంచు నుంచి, సిగ్గుపడుతున్న పిల్లలా కొంచెం కొంచెం. తేటగా, పచ్చగా. అది వచ్చేసరికి కుడిపక్కన గుడి కొండ పోయింది. రెండు వేళ్ళు. తన బతుకులో రెండు వేళ్ళంత ఈ ఏడు ఎవరో మూసేశారు. కళ్ళల్లో నీళ్ళు వస్తే ఉన్నది కూడా కనపడదని తుడుచుకోకుండా రెప్పలు గట్టిగా తెరిచి నిలబడింది.

"చెప్పకుండా వచ్చావేంటే?" సుబ్బరావమ్మ గొంతు కుడిపక్కన వినపడింది. రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని ఉంది. "లేచి చూస్తే మంచం ఖాళీ. లిఫ్టు దగ్గర ఎవరో హిందీ వాళ్ళు, జరగమంటే జరగరు. ఇదిగో, తాగు. నీళ్ళే, టీ కాదు."

కోటేశ్వరి కప్పు అందుకోలేదు. "వదినా, ఎడంపక్క కొండ ఉందా?"

"ఉండక ఎక్కడికి పోద్ది?"

"నాకు కనపడటంలా. తల తిప్పితే వస్తంది, తిప్పకపోతే లేదు. పోయినేడు ఇంత తిప్పితే వచ్చేది." కమ్మీ మీద వేళ్ళు చాపి చూపించింది. "ఈ ఏడు ఇంత."

సుబ్బరావమ్మ ఆ వేళ్ళ వంక చూసింది. టీ కప్పులు రెండూ కింద పెట్టింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం కోటేశ్వరి ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నది. "తెలుసు."

"ఏం తెలుసు?"

"ట్రక్కు సంగతి. అంకమ్మరావు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. తమ్ముడికి చెబితే చేను కౌలుకి పోద్దని భయపడి నాకు చేశాడు. అమ్మగారి కళ్ళు బాగోలేవమ్మా, ఎవరితో చెప్పొద్దంది, మీరన్నా అడగండి అన్నాడు."

"మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూశా. నిన్న హంబన్‌టోటలో మెట్టు తడబడ్డప్పుడు చెప్తావనుకున్నా. ఒక మనిషి దాచుకున్నదాన్ని పెరికి బయటికి లాగుతామా. ఓడ ఎక్కిన దగ్గర్నించీ నీకు ఎడంపక్కనే నడుస్తున్నా. చూసుకోలా?"

చూసుకోలేదు. ఎడంపక్కన నడిచే మనిషిని ఎలా చూసుకుంటుంది. కోటేశ్వరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఏది ముందొచ్చిందో తెలియదు.

"చేను వదిలెయ్యాలి వదినా. మాట ఇచ్చుకున్నా. తరిగితే వదిలేస్తానని."

"ఎవరికిచ్చావు మాట?"

"ఎవరికీ కాదు. నాకు నేనే."

"దేవుడికైతే కుదరదు గానీ, నీకు నువ్విచ్చుకున్నదేగా, మార్చుకో." ఇప్పుడు గొంతు మళ్ళీ మామూలైంది, నేల తుడిచే మనిషి అవతల నుంచి తిరిగి చూశాడు. "తమ్ముడికి చెప్పాలి, అది తప్పదు. దిగంగానే గుంటూరు పోయి డాక్టరుకి చూపిచ్చాలి, చుక్కలు మారుస్తారో కోస్తారో కొయ్యనీ. చేను సంగతి వేరు. మెస్సు కోడలికి అప్పజెప్పి నాలుగు నెలలైంది, ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక చస్తన్నా. నారు పోసే నాటికి నీ దగ్గరికొస్తా. కాయ నువ్వు చూడు, మనుషుల్ని నేను చూస్తా. ట్రాక్టరు వాడికి నా గొంతు వినపడకపోతే అప్పుడు అడుగు."

"ఆయన ఒప్పుకోరు."

"వాడికి ముక్కు తుడిచింది నేను. ఒప్పుకుంటాడు."

కోటేశ్వరి వంగి టీ కప్పు తీసుకుంది, నిజంగానే నీళ్ళలా ఉంది, వెచ్చగా గొంతు దిగింది. రెండు నెలలుగా రొమ్ము మీద ఎవరో పెట్టిన బరువు ఎవరో తీసి పక్కన పెట్టినట్టు, పక్కనే ఉంది ఇంకా, కానీ పక్కన ఉంది. చెప్పేసింది. రెండు వేళ్ళు పోయాయి, అవి రావు. ఇంకా ఎన్ని వేళ్ళు మిగిలాయో ఎవరూ చెప్పలేరు. ఉన్నంతలో ఎదురుగా చూసింది. తల ఎటూ తిప్పకుండా, దేన్నీ కొలవకుండా. రెండు కొండల మధ్య నీళ్ళు, పొద్దు పడి రాగిరేకులా ఉన్నాయి, ఆ రాగిరేకు మీద ఉన్నట్టుండి ఒక తుంపర నిటారుగా లేచింది. మందు కొట్టే పంపులోంచి గాల్లోకి వదిలినట్టు, కానీ తాటిచెట్టంత ఎత్తు. లేచి, గాలికి వంగి, చెదిరిపోయింది. ఓడేదో ఉందేమో అనుకుంది. తుంపర కింద నీళ్ళు ఉబ్బాయి. ఉబ్బి పగిలాయి. పగిలిన చోట బూడిదనీలం వీపు ఒకటి పైకి వచ్చింది, వస్తూనే ఉంది. అయిపోయిందనుకుంటే ఇంకా వస్తోంది, నల్లపాడు గేటు దగ్గర ఆగినప్పుడు ఎదురుగా పోయే గూడ్సు బండిలా, తల ఎప్పుడో పోయింది, తోక ఇంకా రాలేదు, మధ్యంతా పోతూనే ఉంది, నున్నగా, తొందర లేకుండా, తడి మెరుస్తూ. తిమింగలం. మూడుసార్లు ఇదే నీళ్ళ మీదుగా పోయింది తను. ఇది అప్పుడూ కిందే ఉందా? తను గుడి ఏ పక్కనో పోట్లాడుకుంటున్నప్పుడు, వేళ్ళతో కొలుచుకుంటున్నప్పుడు, ఇంత ప్రాణం ఓడ అడుగున ఊపిరి బిగబట్టి పోతూ ఉందా? ఇది ఆమె చూపులో పట్టటం లేదు. అటూ ఇటూ బయటికి పోయింది. కానీ ఇది ఎవరి చూపులో పడుతుంది, సగం ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటే. వీపు మునిగింది, మునిగిన చోట నీళ్ళు అద్దంలా నునుపైపోయాయి.

"వదినా."

సుబ్బరావమ్మ ఎదురుగా చూడటం లేదు. కోటేశ్వరి ముఖం వంకే చూస్తూ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఏమీ చూడలేదు.

"వదినా, అటు. అటు చూడు. కొండ కాదు, నీళ్ళు."

"ఏముందే?"

"తిమింగలం. ఇప్పుడే మునిగింది. మన ఓడలో సగముంది."

"ఎక్కడ? నాకేం కనపడలా. ఎక్కడే, చెప్పు, ఏ పక్క?" ఆ పెద్ద గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. కమ్మీ మీదికి వంగి అటూ ఇటూ, నాలుగు దిక్కులూ వెతుకుతోంది, ఒక్క చోట నిలవటం లేదు ఆమె చూపు.

కోటేశ్వరి ఆమె వెనక్కి వెళ్ళి నిలబడింది. రెండు చేతులతో ఆ నెరిసిన తల పట్టుకుని, రెండు కొండల మధ్యకి, నునుపైన నీళ్ళ కొంచెం అవతలికి తిప్పి ఆపింది. అరచేతుల్లో సుబ్బరావమ్మ ఊపిరి ఆగటం తెలిసింది.

"కదలబాక. పక్కలకి చూడబాక వదినా," అంది కోటేశ్వరి. "ఎదురుగా ఉండు. ఊపిరికి రావాలి, వస్తది."